టైటిల్ నుంచి వైవా దాకా: ఎంబీఏ ప్రాజెక్టుపై మీ ప్రశ్నలు

ఈ విడత వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎంబీఏ ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు గురించే. ఒకే ప్రశ్న పలువురు అడిగినచోట కలిపి ఒకటి చేశాం. ప్రాజెక్టులకు గైడ్లుగా ఉండేవారు, వైవాల్లో ప్రశ్నలు వేసేవారు కలిసి రాసిన జవాబులివి. చాలామంది "ఇప్పుడేం చేయాలి?" అని అడిగారు. కానీ ఆ చిక్కుల్లో ముప్పాతిక వంతు సినాప్సిస్ (ప్రాజెక్టు మొదట్లో ఇచ్చే ప్రతిపాదన) రాసిన వారంలో పుట్టినవే. అందుకని జవాబుల్లో అక్కడక్కడా వెనక్కి వెళ్లక తప్పలేదు.

ప్రశ్న: "కస్టమర్ సంతృప్తిపై ఒక అధ్యయనం" అని టైటిల్ ఇస్తే గైడ్ మూడుసార్లు తిప్పి పంపారు. మరీ విశాలంగా ఉంది, కుదించమంటారు. ఎలా కుదించాలో చెప్పరు.
*మార్కెటింగ్ విద్యార్థిని*

జవాబు: టైటిల్‌లో మాటలు అటూ ఇటూ మార్చి లాభం లేదు. ముందు ఒక్క వాక్యం రాయండి: "ఈ ప్రాజెక్టు పూర్తయ్యాక ఫలానా మేనేజర్ ఫలానా నిర్ణయం తీసుకోగలడు." ఆ ఖాళీలు పూరించలేకపోతే మీ దగ్గర ఉన్నది విషయమే, ప్రశ్న ఇంకా పుట్టలేదు.

కస్టమర్ సంతృప్తినే తీసుకుందాం. ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మే యాప్‌లో మొదటి ఆర్డర్ పెట్టినవాళ్లలో కొందరు రెండోది పెట్టరు. డెలివరీ ఆలస్యం వల్లా, డెలివరీ ఛార్జీ వల్లా, అడిగిన సరుకు బదులు మరొకటి రావడం వల్లా? ఇది ప్రశ్న. ఎవరిని అడగాలో తెలిసింది (ఒక్కసారే కొన్నవాళ్లు, మళ్లీ కొన్నవాళ్లు), ఏం కొలవాలో తెలిసింది, జవాబు వస్తే ఎవరు వాడుకుంటారో తెలిసింది. టైటిల్ దానంతటదే వస్తుంది.

ఆబ్జెక్టివ్‌లు మూడు చాలు, నాలుగు మించనివ్వకండి. "అధ్యయనం చేయడం", "అవగాహన చేసుకోవడం" అని మొదలైతే అది ఎప్పటికి పూర్తయిందో ఎవరూ చెప్పలేరు. కొలవడం, పోల్చడం, రెంటికీ సంబంధం ఉందో లేదో పరీక్షించడం... ఇలాంటి క్రియలు వాడండి. తర్వాత ఒక కాగితం మీద నాలుగు నిలువు గడులు గీయండి: ఆబ్జెక్టివ్, దానికి కావలసిన డేటా, అది ఎవరి దగ్గర ఉంది, దాన్ని ఎలా విశ్లేషిస్తారు. ఏ వరుసలోనైనా గడి ఖాళీగా మిగిలితే ఆ ఆబ్జెక్టివ్ కొట్టేయండి. ఇంకా ఓపికుంటే నాలుగో చాప్టర్‌లో (డేటా విశ్లేషణ) రాబోయే టేబుళ్లను అంకెలు లేకుండా, శీర్షికలతో ఇప్పుడే గీసి గైడ్‌కు చూపించండి. నాలుగోసారి తిప్పి పంపే అవకాశం బాగా తగ్గుతుంది. ఖాళీ టేబుల్ చూస్తే ఎవరికైనా ప్రాజెక్టు అర్థమవుతుంది మరి.

ప్రశ్న: వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారం నడవడానికి కావలసిన డబ్బు) మీద ప్రాజెక్టు. ఇంటర్న్‌షిప్ ఇచ్చినప్పుడు డేటా ఇస్తామన్నారు. ఇప్పుడు ఫైనాన్స్ విభాగం "కాన్ఫిడెన్షియల్" అంటోంది. సబ్మిషన్‌కు రెండు నెలలే ఉంది. టైటిల్ మార్చుకోవాలా?
*ఫైనాన్స్ విద్యార్థి*

జవాబు: ఇస్తామన్నది ఎవరు? సాధారణంగా ఆ మాట అనేది హెచ్‌ఆర్ విభాగం. వాళ్లకు ఇంటర్న్‌షిప్ లెటర్ ఇచ్చే అధికారం ఉంటుంది కానీ, ఫైనాన్స్ అంకెల మీద ఉండదు. చిక్కంతా అక్కడే. కాబట్టి ఇప్పుడు ఫైనాన్స్‌లో సంతకం పెట్టగలిగిన మనిషికి ఒక పేజీ ఉత్తరం రాయండి. ఏయే అంకెలు, ఏ కాలానికి, ఎవరెవరు చూస్తారు, రిపోర్టులో కంపెనీ పేరు బదులు ఏం రాస్తారు, ఫైలును ఎప్పుడు తుడిచేస్తారు... ఇవన్నీ అందులో ఉండాలి. లెడ్జర్ అడగొద్దు. నెలవారీ మొత్తాలు అడగండి: అమ్మకాలు, అమ్మిన సరుకు ఖర్చు, నిల్వ సరుకు, రావలసిన బాకీలు, ఇవ్వవలసిన బాకీలు. 24 నెలలవి చాలు.

అసలు అంకెలు బయటపెట్టడం ఇష్టం లేదంటే దారి ఉంది. అన్నింటినీ ఏదో ఒకే రహస్య సంఖ్యతో, 0.73 అనుకోండి, గుణించి ఇమ్మనండి. నిష్పత్తులేవీ మారవు. ఇక్కడొక పొరపాటు తరచూ జరుగుతుంటుంది. కొందరు ప్రతి వరుసకూ మొదటి నెలను 100 అనుకుని ఇండెక్స్ చేయించుకుంటారు. అప్పుడు అమ్మకాలకు ఒక బేస్, బాకీలకు మరో బేస్ అయిపోయి, రెంటినీ భాగిస్తే వచ్చేదానికి అర్థమే ఉండదు. ట్రెండు గీయడానికి తప్ప ఆ డేటా దేనికీ పనికిరాదు.

ఉత్తరం ఇచ్చిన రోజు నుంచి పది రోజులు గడువు పెట్టుకోండి. జవాబు రాకపోతే ఆ కంపెనీని వదిలి, అదే రంగంలో స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్టయిన మూడు నాలుగు కంపెనీల వార్షిక నివేదికలు తీసుకోండి. టైటిల్‌లో రెండు మాటలు మారతాయి. సినాప్సిస్ మళ్లీ ఆమోదించాలా అన్నది గైడ్‌ను అప్పుడే అడిగేయండి.

వార్షిక నివేదికలతో పని తేలికే కానీ అందులోనూ గోతులున్నాయి. ఐదేళ్ల విశ్లేషణ అంటే ఆరు బ్యాలెన్స్ షీట్లు కావాలి. సగటు నిల్వ లెక్క కట్టడానికి మొదటి ఏడాదికి ప్రారంభ నిల్వ ఉండాలి కదా! ఏదైనా ఏడాది అంకెలను మరుసటి ఏడాది నివేదికలో సవరించి వేస్తుంటారు. అలాంటప్పుడు ఒకచోట పాతది, ఒకచోట కొత్తది తీసుకుంటే లేని మార్పు ఉన్నట్టు కనిపిస్తుంది. సవరించినదే వాడి, ఆ సంగతి టేబుల్ కింద రాయండి. స్టాండలోన్ (ఆ ఒక్క కంపెనీవి), కన్సాలిడేటెడ్ (అనుబంధ కంపెనీలవీ కలిపినవి) అంకెలు కలిపేయకండి. ఒక కంపెనీది ఇదీ, మరో కంపెనీది అదీ తీసుకుని పోల్చినవాళ్లు వైవాలో మొదటి ఐదు నిమిషాల్లోనే దొరికిపోతారు.

క్యాష్ కన్వర్షన్ సైకిల్ (సరుకులో పెట్టిన డబ్బు తిరిగి చేతికి రావడానికి పట్టే రోజులు) లెక్క మీకు తెలిసే ఉంటుంది. సరుకు నిల్వ ఉన్న రోజులు 60, బాకీలు వసూలయ్యే రోజులు 45, మనం చెల్లించడానికి తీసుకునే రోజులు 30 అయితే, 60కి 45 కలిపి 30 తీసేస్తే 75 రోజులు. "75 నుంచి 90కి పెరిగింది, కంపెనీ జాగ్రత్త పడాలి" అని రాసి ఊరుకోవద్దు. మూడింటిలో ఏది కదిలిందో చెప్పాలి. సరుకు పేరుకుపోయి పెరగడం వేరు, సప్లయర్లకు ముందే చెల్లించి పెరగడం వేరు. బాకీల రోజులకు నిజానికి అరువు అమ్మకాలు కావాలి. నివేదికల్లో అవి విడిగా ఉండవు గనక మొత్తం అమ్మకాలే వాడతారు. ఫరవాలేదు, ఆ ముక్క మెథడాలజీలో రాస్తే చాలు. ఇంకొకటి: ఏడాది చివరి నెలల్లో అమ్మకాలు ఎగిసిపడే వ్యాపారమైతే బ్యాలెన్స్ షీట్ రోజుటి బాకీలు మామూలు కంటే ఎక్కువ ఉంటాయి. ఒక్క రోజు ఫోటో చూసి ఏడాదంతా అలాగే ఉందనుకోకండి. మూడు నెలలకోసారి వచ్చే అంకెలు దొరికితే అవి మేలు.

వెబ్‌సైట్లలో రెడీమేడ్ నిష్పత్తులు దొరుకుతాయి. వాటిని మీ లెక్క సరిచూసుకోవడానికి వాడండి. నిర్వచనం ఒక్కో సైట్‌లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఎత్తి టేబుల్‌లో వేయొద్దు.

ప్రశ్న: శాంపిల్ 384 ఉండాలంటారు గైడ్. సీనియర్లు 100 చాలంటారు. నాకు ఐదు వారాలే ఉంది. ఎవరి మాట వినాలి?
*ఉద్యోగం చేస్తూ చదువుతున్న విద్యార్థి*

జవాబు: 384 ఎక్కడిదో తెలిస్తే గైడ్‌తో మాట్లాడటం సులువవుతుంది. 95 శాతం కాన్ఫిడెన్స్‌కు 1.96, నిష్పత్తి తెలియదు గనక 0.5, అటూ ఇటూ 5 శాతం తేడా. 1.96 వర్గాన్ని 0.5తో, మళ్లీ 0.5తో గుణించి, 0.05 వర్గంతో భాగిస్తే 384.16. అంతే. జనాభా చాలా పెద్దదైనప్పుడు, అందులోంచి యాదృచ్ఛికంగా ఎంచుకున్నప్పుడు, ఒక శాతాన్ని అంచనా వేయడానికి పనికొచ్చే సంఖ్య ఇది.

వాట్సాప్ గ్రూపుల్లో ఫామ్ తిప్పి 384 మందితో నింపించినంత మాత్రాన ఆ "అటూ ఇటూ 5 శాతం" మీకు వర్తించదు. అది కన్వీనియెన్స్ శాంపిల్, అంటే అందుబాటులో ఉన్నవాళ్లనే తీసుకున్నది. అందులో 384కు, 250కి పవిత్రతలో తేడా ఏమీ లేదు. కన్వీనియెన్స్ శాంపిల్ తీసుకుని మెథడాలజీలో ఆ ఫార్ములా రాస్తే, తెలిసిన ఎగ్జామినర్ వెంటనే పట్టుకుంటారు.

మీరు చూడాల్సింది మూడు. మీ జనాభా చిన్నదా? ఒక సంస్థలో 400 మంది ఉద్యోగులుంటే, చిన్న జనాభాకు శాంపిల్ లెక్కగట్టే యమనే సూత్రం ప్రకారం 400ను (1 + 400 × 0.0025)తో, అంటే 2తో భాగిస్తే 200. ఇక 384 ప్రసక్తే లేదు. రెండోది, మీరు శాతం అంచనా వేస్తున్నారా, రెండు గుంపులను పోలుస్తున్నారా? పోలిక అయితే లెక్క వేరు. ఒక మోస్తరు తేడాను, అంటే అర స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) అంత తేడాను, 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే పట్టుబడే అవకాశంతో) పట్టుకోవాలంటే గుంపుకు 64 మంది కావాలి. 100 మందిలో 85 మంది ఒక గుంపులో, 15 మంది ఇంకో గుంపులో ఉంటే ఆ పోలిక నిలబడదు. మొత్తం సంఖ్య కంటే చిన్న గుంపు ఎంతుందన్నదే ముఖ్యం. మూడోది, ఎంతమంది జవాబిస్తారు? నలుగురికి పంపితే ఒకరు నింపుతారనుకుంటే 130 జవాబులకు 520 మందికి పంపాలి. అన్ని కాంటాక్టులు మీ దగ్గర ఉన్నాయా అని ఈ రోజే లెక్క చూసుకోండి.

ఐదు వారాలను ఇలా వాడండి. మొదటి వారం 20 మందితో పైలట్ (ట్రయల్ సర్వే), తప్పులు దిద్దుకోవడం. రెండు, మూడు వారాలు సేకరణ. పంపిన నాలుగైదు రోజులకు ఒక రిమైండర్, ఇంకో వారానికి మరొకటి, అంతకు మించి వెంటపడకండి. నాలుగో వారం శుభ్రం చేయడం, విశ్లేషణ. ఐదోది రాయడానికి. గైడ్ దగ్గరికి ఈ లెక్కలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. "సీనియర్లు 100 చాలన్నారు" అని మాత్రం అనకండి!

ప్రశ్న: ఉద్యోగ సంతృప్తిపై 12 ప్రశ్నలతో 180 మంది దగ్గర డేటా తీసుకున్నాను. క్రాన్‌బాక్ ఆల్ఫా 0.41 వచ్చింది. 0.7 ఉండాలట. మళ్లీ సర్వే చేయాలా?
*హెచ్‌ఆర్ విద్యార్థిని*

జవాబు: తొందరపడకండి. ఆల్ఫా అంటే మీ ప్రశ్నలన్నీ ఎంత పొందికగా ఒకే విషయాన్ని కొలుస్తున్నాయో చెప్పే సంఖ్య. ముందు ప్రశ్నలు మళ్లీ చదవండి. "ఈ సంస్థలో నా పనికి గుర్తింపు ఉంది" అన్న పక్కనే "ఈ ఉద్యోగం మానేయాలని తరచూ అనిపిస్తుంది" లాంటిది ఉందా? మొదటిదానికి 5 పెట్టినవాళ్లు రెండోదానికి 1 పెడతారు. ఆ వ్యతిరేక ప్రశ్నలను తిరగేయకుండా ఆల్ఫా కట్టారేమో చూడండి. ఇంత తక్కువ రావడానికి మామూలుగా అదే కారణం. 5 పాయింట్ల స్కేల్ అయితే 6లోంచి వచ్చిన మార్కు తీసేయాలి: 5 అయినవి 1 అవుతాయి, 4 అయినవి 2. ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో అంశానికీ మొత్తానికీ మధ్య కోరిలేషన్ (రెండూ ఎంతవరకు కలిసి మారతాయో చెప్పే సంఖ్య) చూపించే నిలువు గడి ఒకటి వస్తుంది. అందులో మైనస్ గుర్తు ఉన్న ప్రశ్నలే మీ దొంగలు.

తిరగేశాక కూడా తక్కువే ఉంటే డేటా వరుసలు చూడండి. అన్నింటికీ 3, లేదా అన్నింటికీ 5 కొట్టేసినవాళ్లు ఎంతమంది? "గుర్తింపు ఉంది"కీ 5, "మానేయాలనిపిస్తుంది"కీ 5 పెట్టిన మనిషి చదవకుండా నింపారన్నమాటే. తీసేయండి. అయితే ఏ నియమం ప్రకారం తీశారో, ఎంతమందిని తీశారో రిపోర్టులో రాయాలి. రాయకుండా తీస్తే అది మరో రకం తప్పు.

అప్పటికీ కుదరకపోతే, 12 ప్రశ్నలూ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయా అని అడగాలి. జీతం, పై అధికారి తీరు, ప్రమోషన్, సహోద్యోగులు... నాలుగు వేరువేరు సంగతులను ఒక మూటగా కట్టి ఆల్ఫా తీస్తే తక్కువ రావడంలో వింత లేదు. నాలుగు భాగాలుగా విడదీసి దేనికది చూడండి. అయితే ప్రశ్నలు తగ్గినకొద్దీ ఆల్ఫా కూడా తగ్గుతుంది. ప్రశ్నల మధ్య సగటు కోరిలేషన్ 0.3 ఉంటే 3 ప్రశ్నల స్కేల్‌కు ఆల్ఫా 0.56, 8 ప్రశ్నలకు 0.77. ప్రశ్నల నాణ్యత ఒకటే, సంఖ్యే వేరు. కాబట్టి 3 ప్రశ్నలకు 0.6 వచ్చిందని కుమిలిపోనక్కర్లేదు. పాత అధ్యయనాల్లో వాడి చూసిన స్కేల్‌ను అనుమతి ఉన్నంతవరకు అలాగే తీసుకుంటే ఈ బాధలు తక్కువ.

"ఈ ప్రశ్న తీసేస్తే ఆల్ఫా ఇంత" అని సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది కదా అని ఒక్కొక్కటే తీసుకుంటూ పోకండి. చివరికి ఒకే మాటను మూడు రకాలుగా అడిగిన ప్రశ్నలు మిగులుతాయి. ఆల్ఫా మాత్రం అందంగా ఉంటుంది.

ప్రశ్న: నాలుగు హైపోథెసిస్‌లలో మూడు తేలలేదు. "కొన్ని రెస్పాన్సులు సర్దేయ్, ఎవరికి తెలుస్తుంది" అంటున్నారు ఫ్రెండ్స్. మార్కులు పోతాయా?
*పేరు వద్దన్న పాఠకుడు*

జవాబు: తేలకపోతే మార్కులు పోవు. సర్దితే పోతాయి, తెలుస్తుంది కూడా. చేత్తో కల్పించిన డేటాలో వయసుకూ అనుభవానికీ పొంతన ఉండదు. 23 ఏళ్ల మనిషికి 15 ఏళ్ల అనుభవం కనిపిస్తుంది. కాపీ చేసిన వరుసలు సార్టింగ్ చేయగానే జంటలుగా పక్కపక్కన నిలబడతాయి. గూగుల్ ఫామ్ అయితే టైమ్ స్టాంప్ ఉండనే ఉంది.

తేలనిదాన్ని ఎలా రాయాలో నేర్చుకోండి. నల్ హైపోథెసిస్ అంటే తేడా గానీ సంబంధం గానీ లేదనే ఊహ. "నల్ హైపోథెసిస్ నిజమని రుజువైంది" అనకూడదు. "తోసిపుచ్చడానికి తగిన ఆధారం దొరకలేదు" అనాలి. శాంపిల్ చిన్నదవడం వల్ల దొరకలేదా, నిజంగా తేడా లేదా అన్నది ఒక పేరాలో చర్చించండి. రెండు గుంపుల సగటులు, వాటి మధ్య తేడా, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు తేడా ఉండగల హద్దులు) ఇవ్వండి. ఆ పేరా బాగుంటే మామూలు ప్రాజెక్టు కంటే ఎక్కువ గౌరవమే దక్కుతుంది.

తేలిందని సంబరపడినవీ ఓసారి చూసుకోండి. కై-స్క్వేర్ (రెండు వర్గీకరణల మధ్య సంబంధం ఉందో లేదో చూసే పరీక్ష) చేసి ఉంటే ఎక్స్‌పెక్టెడ్ కౌంట్లు (సంబంధమే లేకపోతే ఒక్కో గడిలో ఉండాల్సిన లెక్కలు) 5 కంటే తక్కువ ఉన్న గడులు 20 శాతం దాటకూడదు, ఏ గడిలోనూ 1 కంటే తగ్గకూడదు. దాటితే "పూర్తిగా ఏకీభవిస్తాను", "ఏకీభవిస్తాను" లాంటి పక్కపక్క వర్గాలను కలపండి. వయసు, లింగం, ఆదాయం, చదువు... ప్రతిదాన్నీ ప్రతి ప్రశ్నతో జతకట్టి కై-స్క్వేర్ చేసే అలవాటు ఒకటుంది. 5 శాతం హద్దు పెట్టుకుని, ఒకదానితో ఒకటి ముడిపడని 20 పరీక్షలు చేస్తే, అసలు ఏ సంబంధమూ లేకపోయినా కనీసం ఒకటి తేలే అవకాశం 64 శాతం. అలా తేలిన ఒక్కదాని మీద రెండు పేజీలు రాసేస్తారు పాపం. పెద్ద శాంపిల్‌లో ఉల్టా చిక్కు: 400 మందిలో కోరిలేషన్ 0.1 వచ్చినా పీ వ్యాల్యూ (సంబంధమే లేకపోయినా కనీసం ఇంత ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) 0.05 లోపు ఉంటుంది. కానీ అది వివరించేది ఒక్క శాతం మార్పునే. చివరిగా, సాఫ్ట్‌వేర్ పీ వ్యాల్యూను 0.000 అని చూపిస్తే "0.001 కంటే తక్కువ" అని రాయండి. సున్నా అనేది ఉండదు.

ప్రశ్న: నలుగురి గ్రూపు ప్రాజెక్టు. ఒకరు అసలు పని చేయరు. చివర్లో అందరికీ ఒకే మార్కులా?
*గ్రూపు లీడర్*

జవాబు: చాలా సంస్థల్లో సహచరులే ఒకరికొకరు మార్కులు వేసే పద్ధతి ఉంటుంది. మీ నిబంధనల్లో ఉందేమో ముందు చూడండి. ఉన్నా లేకున్నా ఆధారం కావాలి. షేర్డ్ షీట్ ఒకటి పెట్టి ప్రతి పనికీ ఒకే పేరు, ఒకే తేదీ రాయండి. "డేటా సేకరణ: నలుగురూ" అని రాస్తే ఎవరూ చేయరు. "ఫలానా వాళ్లు, 40 ఫామ్‌లు, శుక్రవారం" అని ఉండాలి. వారానికి ఒకసారి పావుగంట మాట్లాడుకుని, నిర్ణయాలు రెండు వాక్యాల్లో గ్రూపులో పెట్టండి.

ఫిర్యాదు చేసే ముందు ఆ మనిషికి ఒక చిన్న పని విడిగా అప్పగించి చూడండి. పని చేయనట్టు కనిపించేవాళ్లలో కొందరికి ఎక్సెల్ రాదు, అడగడానికి మొహమాటం. రెండు గడువులు దాటితే గైడ్‌కు చెప్పండి. సబ్మిషన్‌కు మూడు రోజుల ముందు చెబితే ఆయన చేయగలిగేదేమీ ఉండదు. ఇక చాప్టర్లు నలుగురూ రాసినా, చివరి వారం మొత్తాన్నీ ఒక్కరే మొదటి నుంచి చదివి దిద్దాలి. రెండో చాప్టర్‌లో శాంపిల్ 150, నాలుగులో 146 అని ఉండటం గ్రూపు రిపోర్టుల ఆనవాలు.

ప్రశ్న: ప్లేజరిజం రిపోర్టులో 34 శాతం వచ్చింది. పర్యాయపదాలు మార్చే సాఫ్ట్‌వేర్ వాడొచ్చా? రిఫరెన్సులు కొన్ని ఏఐ చాట్‌బాట్ ఇచ్చినవి. ఫరవాలేదా?
*రెండు ఉత్తరాల నుంచి*

జవాబు: వాడొద్దు. ఆ శాతం పోలికను కొలుస్తుంది, దొంగతనాన్ని కాదు. కాబట్టి సంఖ్య చూసి కంగారు పడకుండా రంగులేసిన భాగాలు ఎక్కడున్నాయో చూడండి. రిఫరెన్సుల జాబితా, ప్రశ్నావళి, డిక్లరేషన్ పేజీ ఇవన్నీ పోలుతాయి, వాటిని మినహాయించి మళ్లీ చూపించమనండి. మిగిలినదానిలో సింహభాగం మామూలుగా కంపెనీ ప్రొఫైల్, ఇండస్ట్రీ ప్రొఫైల్ చాప్టర్లే. కంపెనీ వెబ్‌సైట్ నుంచి దించినవి. ఆ పదిహేను పేజీలను మీ ప్రశ్నకు సంబంధించిన మూడు పేజీలకు కుదించండి, శాతం దానంతటదే దిగుతుంది, రిపోర్టూ బాగుపడుతుంది. స్థాపకుడి జీవిత చరిత్ర మీ వర్కింగ్ క్యాపిటల్‌కు ఎందుకు?

లిటరేచర్ రివ్యూలో తగ్గించాలంటే అసలు వ్యాసం మూసేసి గుర్తున్నది మీ మాటల్లో రాసి, తర్వాత తెరిచి సరిచూసుకోండి. ఎక్సెల్‌లో ఒక పట్టిక ఉంటే ఇంకా మంచిది: రచయిత, ఏడాది, శాంపిల్, పద్ధతి, ఏం తేలింది, ఏం వదిలేశారు. ఆ పట్టికను నిలువుగా చదివి రాస్తే "ఫలానా వారు ఇలా చెప్పారు, ఫలానా వారు అలా చెప్పారు" అనే బారు తీరదు, ఎవరు ఎవరితో విభేదించారో రాస్తారు.

చాట్‌బాట్ ఇచ్చిన రిఫరెన్సు విషయం గట్టిగానే చెబుతాం. నిజమైన రచయిత పేరు, నిజమైన పత్రిక పేరు, లేని వ్యాసం... ఈ మూడూ కలిపి నమ్మించేలా ఇవ్వగలదది. ప్రతి ఒక్కటీ డీఓఐ (వ్యాసానికి ఇచ్చే శాశ్వత ఆన్‌లైన్ గుర్తింపు) ద్వారా తెరుచుకుంటోందా, తెరిస్తే అదే శీర్షిక వస్తోందా, మీరు రాసిన మాట అందులో ఉందా చూడండి. తెరుచుకోనిది తీసేయండి. ఏఐ సాయం ఎంతవరకు అనుమతిస్తారో, ఎక్కడ ప్రకటించాలో మీ సంస్థ నిబంధనలు చదివి అలాగే చేయండి.

ప్రశ్న: గైడ్ మెయిల్స్‌కు జవాబివ్వరు. 60 పేజీలు పంపి మూడు వారాలైంది.
*ఆపరేషన్స్ విద్యార్థి*

జవాబు: 60 పేజీలు కాబట్టే ఇవ్వలేదేమో. ఒక చాప్టర్ పంపండి, మెయిల్‌లో మూడు ప్రశ్నలు అంకెలు వేసి అడగండి, "అవును, కాదు" అని జవాబిచ్చేలా ఉండాలి. "శుక్రవారంలోగా మీ సూచన రాకపోతే రెండో పద్ధతితో ముందుకు వెళ్తాను సార్" అని మర్యాదగా రాయొచ్చు. కలిసినప్పుడు ఆయన చెప్పినవి అదే రోజు మెయిల్‌లో పెట్టండి. చివర్లో "నేనలా చెప్పలేదే" అనే మాట రాకుండా ఉంటుంది. నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే ప్రాజెక్టు కోఆర్డినేటర్‌ను కలవండి. దానికి మొహమాటం అక్కర్లేదు.

ప్రశ్న: బైండింగ్‌కు ఇచ్చే ముందురోజు విషయసూచిక, పేజీ నంబర్లు అన్నీ చెదిరిపోయాయి. ఎలా సరిచేయాలి?
*చాలామంది*

జవాబు: చాప్టర్ పేర్లను చేత్తో బోల్డ్ చేసి సైజు పెంచితే వర్డ్‌కు అవి శీర్షికలని తెలియదు. హెడింగ్ 1, హెడింగ్ 2 స్టైల్స్ ఇవ్వండి, విషయసూచిక దానంతటదే తయారవుతుంది. టేబుళ్లకు, బొమ్మలకు "ఇన్సర్ట్ క్యాప్షన్" వాడండి. మధ్యలో ఒక టేబుల్ చేరిస్తే మిగతా నంబర్లన్నీ చేత్తో దిద్దే బాధ ఉండదు. ముందు పేజీలకు రోమన్ అంకెలు, మొదటి చాప్టర్ నుంచి 1 కావాలంటే వాటి మధ్య పేజీ బ్రేక్ సరిపోదు, సెక్షన్ బ్రేక్ పెట్టాలి. పెట్టి, కొత్త సెక్షన్ ఫుటర్‌లో "లింక్ టు ప్రీవియస్" తీసేయాలి. ఇది మరిచిపోవడం వల్లే ఒకచోట మారిస్తే రెండుచోట్లా మారుతుంది.

అన్నీ అయ్యాక మొత్తం సెలెక్ట్ చేసి ఎఫ్9 నొక్కితే విషయసూచిక, నంబర్లు తాజా అవుతాయి. ఎడమ మార్జిన్ బైండింగ్‌కు మీ సంస్థ చెప్పినంత వదలండి. ప్రింట్‌కు పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి. వర్డ్ ఫైల్ వేరే కంప్యూటర్‌లో తెరిస్తే ఫాంట్ మారి పేజీలు జరిగిపోతాయి.

ప్రశ్న: వైవాలో ఏం అడుగుతారు? భయంగా ఉంది.
*మార్కెటింగ్ విద్యార్థి*

జవాబు: ఎక్కువగా మీ సిఫార్సుల నుంచే వెనక్కి వస్తారు. "ఉద్యోగులకు శిక్షణ పెంచాలి" అని రాశారనుకోండి. ఏ టేబుల్ ఆధారంగా? ఎవరికి శిక్షణ? ఎంత ఖర్చు? పనిచేసిందని ఎలా తెలుస్తుంది? నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికైనా మీ డేటాలో జవాబు లేకపోతే ఆ సిఫార్సు ప్రాజెక్టు చేయకముందే రాయగలిగినదన్నమాట. అలాంటివి పది ఉంటే ఏడు కొట్టేయండి. మిగిలిన మూడింటికి పక్కన టేబుల్ నంబర్, బాధ్యుడు, గడువు, కొలమానం రాయండి.

ఆ తర్వాత అడిగేవి: ఈ పరీక్షే ఎందుకు వాడారు, ఈ శాంపిల్ ఎవరికి వర్తిస్తుంది, మళ్లీ చేస్తే ఏం మారుస్తారు. పరిమితుల భాగంలో "సమయం తక్కువ, వనరులు తక్కువ" అని రాయడం మానండి, అది అందరికీ ఉన్నదే. "రాత్రి షిఫ్టువాళ్లు శాంపిల్‌లో లేరు, కాబట్టి షిఫ్టుల గురించిన ఫలితం వాళ్లకు వర్తించదు" లాంటిది రాస్తే అడగబోయే ప్రశ్నకు ముందే జవాబిచ్చినట్టు. టేబుల్ ఎవరో చేసిపెడితే, ఆ అంకె ఎలా వచ్చిందో కాగితం మీద మీరే ఒకసారి కట్టి చూసుకుని వెళ్లండి. తెలియనిదాన్ని "అది పరీక్షించలేదు సార్" అంటే సరిపోతుంది. అల్లుకుంటూ పోతేనే ప్రశ్న పొడుగవుతుంది.

ప్రశ్న: పది నిమిషాల ప్రజెంటేషన్‌కు ఎన్ని స్లైడ్లు?
*అదే విద్యార్థి*

జవాబు: ఎనిమిది. కంపెనీ చరిత్రకు ఒక్కటీ వద్దు, ఫలితాలకు కనీసం మూడు. అసలు డేటా ఫైలును పెన్‌డ్రైవ్‌లో వెంట తీసుకెళ్లండి, అడుగుతారు.